బిరడా

రాణీగంజ్‌ల పంపుల విడిభాగాల కొట్టు నాది.
వాషర్లు, గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్ళు.
నీళ్ళను ఆపాల్సిన కాడ ఆపుడే
పొద్దున పదింటి నుంచి నా పని.

ఆదివారం ఏదీ ఆపను.

రెండు సన్నటి పొట్టలు, నడుమ బిగించిన గుడ్డ,
పైన మాసిన నారింజ తెరచాప.
మా పడవ ఇంతే. పేరు గూడ పెట్టలే.
నుస్రత్ చుక్కాని పట్టుకుంటది,
నేను తీగకు వేలాడి
హుస్సేన్ సాగర్ మీద వెల్లకిల వాలుత.
నెక్లెస్ రోడ్డు తలకిందులైతది,
మక్క కంకుల బండి
ఆకాశంల నిప్పులు విసురుకుంటది.

మైలపల్లి ఎల్లాజీ గట్టు మీద కూసోని నవ్వుతడు.
తాత తెప్ప కట్టినోడు, తండ్రి తెప్ప నడిపినోడు,
ఈయన క్లబ్బు పడవలకు రంగులేస్తడు.
"సాగరమంట!
ఏటమ్మీ ఇది, గంగాళంలో నీళ్ళు.
కెరటం నేకుండా సాగరమెలాగవుద్ది?"

కెరటం కోసం మేము
బుద్ధుని కాడికి పోయే లాంచీ ఎనక పడ్డం.
డ్రైవర్ సాయన్న ఐదున్నర ట్రిప్పుల
మమ్ముల జూసి ఇంజను జోరు పెంచేటోడు.
ఎనక లేచే నీళ్ళు మోకాలెత్తు.
గట్టు మీంచి ఎల్లాజీ లెక్క:
"ఒకటి... పోనీ. రెండు... పోనీ.
మూడోది పెద్దది, దాంతోటి పేచీ వద్దు.
దాని ఎనకాల సందుంటాది సూడు,
ఆ సందులో తోసీ!"

మోకాలెత్తు నీళ్ళల్ల
మనిషెత్తు నీళ్ళను చదువుకున్నం,
రెండు వానకాలాలు.

మొన్న ఫిబ్రవరిల ట్రాలీకి కట్టి
పడవను భీమిలి తీస్కపోయినం.
మూడోది పెద్దదన్నడు గద,
ఆ పొద్దు నాలుగోది పెద్దది.
పడవ నిటారుగ లేచి
ఏదో యాదికొచ్చినట్టు ఒక్క క్షణం ఆగింది.
తర్వాత నా మీద నుస్రత్,
నుస్రత్ మీద తెరచాప,
దాని మీద బంగాళాఖాతం.
నోట్లె ఇసుక. నవ్వు ఆగలే.
మళ్ళ తోసినం, మళ్ళ పడ్డం.
ఏడోసారి సందు దొరికింది.
నురుగు గోడ దాటంగనే
అంత చప్పుడు ఎటు పోయిందో.
అవతల నీళ్ళు ఉత్తగ ఊపిరి తీస్తున్నయి.
తిరిగొచ్చేటప్పుడు కెరటమే మమ్ముల ఎత్తుకొని ఉరికింది.
నుస్రత్ అరిచింది. అది ఏ భాషనో
ఆమెకే ఎరుక లేదు.

పక్క కొట్టు సేటు అడిగిండు:
"గెలిస్తే ఎంతిస్తరు?"
"పోటీ గాదు సేటూ."
"చేపలేమన్న పడతరా?"
"లే."
నా దిక్కు చూసుకుంటనే
ఆయన చాయ్ చల్లారింది.

మంగళవారం మాపటికి
క్లబ్బు గడ్డి మీద పడవ దించితే
ఎడమ పొట్ట బరువున్నది.
ఊపితే లోపట గుడగుడ.
ఎనక బిరడా తిప్పి చూస్తే
వాషర్ చిట్లింది.
మా కొట్టుదే. డజను ఇరవై నాలుగు రూపాయలది.
గ్యారంటీ అని నేనే అమ్ముతుంటి.

బిరడా తీసిన.
సముద్రం కారింది.
ఆరు వందల చిల్లర కిలోమీటర్లు,
ఒక్క టోల్ గేటు కాడ గూడ
పైస కట్టకుండ వచ్చింది.
సన్నగ, ఇసుకతోటి,
గడ్డిల దారి చేసుకుంట
చెరువు దిక్కు బోయింది.

ఎల్లాజీ బ్రష్షు డబ్బా మీద పెట్టి వచ్చిండు.
వేలు తడిపి నాలిక మీద పెట్టుకున్నడు.
పదకొండేండ్లాయె ఆయన ఊరికి పోక,
ఎందుకో ఎన్నడు చెప్పలే.
ఇంకోసారి తడిపిండు.
"బిరడా పెట్టీ అమ్మీ," అన్నడు,
"అంతా ఒంపీకు."

జేబుల కొత్త వాషర్ ఉండె.
ఏసి, రెంచితో గట్టిగ బిగించిన.
ఇన్నేండ్లల్ల లోపటి నీళ్ళను ఆపుడు
అదే మొదలు.

ఇప్పుడు ఆదివారాలు
మా పడవ జరంత ఎడమకు ఒరుగుతది.
నుస్రత్ ఏందని అడగదు,
తానే కొంచెం కుడికి జరిగి కూసుంటది.